షూరిటీ సువర్ణమ్మగారి మోకాళ్ళు

"మా ఆయనకి షూరిటీ సంతకం పెట్టారంట, మీకేవన్నా పిచ్చాండీ?"

రెండేళ్ళ కిందట కాంతం అడిగిన ప్రశ్న ఇది. అడిగేటప్పటికి ఆవిడ చేతికి బీపీ పట్టీ చుట్టి ఉంది. గాలి కొడుతున్నది సువర్ణ. ఉంగుటూరు దగ్గర ఒక పల్లెలో సబ్‌సెంటర్ వరండా అది. వెనక బల్ల మీద పిల్లల్ని ఒళ్ళో వేసుకుని టీకాలకి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కసారి మాటలాపి చెవులు రిక్కించారు.

"మాట్లాడకండి, బీపీ తప్పు చూపిస్తుంది," అంది సువర్ణ.

కాంతం నోరు మూసుకుంది. బీపీ ఎక్కువే వచ్చింది. నాగేశ్వరరావులాంటి మొగుడితో కాపరం చేసే మనిషికి ఆ మాత్రం ఉండకపోతేనే విడ్డూరమని సువర్ణకి అప్పుడు తెలియదు. మాత్రలు ఇచ్చి, ఉప్పు తగ్గించమని చెప్పి పంపించేసింది. ఆ ప్రశ్నని మొగుడి మీద పెళ్ళాం విసుర్లలో ఒకటిగా జమకట్టింది.

సువర్ణ సంతకానికి ఒక చరిత్ర ఉంది. చిట్టీ పాడుకున్న మనిషికి చిట్‌ఫండ్ కంపెనీ డబ్బు ఊరికే చేతిలో పెట్టదు. డబ్బు పట్టుకెళ్ళాక మిగతా వాయిదాలు ఎగ్గొడితే జవాబు చెప్పడానికి ముగ్గురు గవర్నమెంటు ఉద్యోగుల చేత హామీ సంతకాలు పెట్టించుకుంటుంది. అదే షూరిటీ. ఇక్కడ కాలవ కింద పదెకరాల మాగాణి ఉన్న ఆసామి కూడా కంపెనీ కౌంటర్ ముందు ఒక అటెండరు జీతం చీటీకి సాటిరాడు. భూమి చూసుకోవడానికి బాగుంటుంది గానీ జీతంలాగా నెలనెలా కోసుకోవడానికి వీలుండదు. అందుకని చిట్టీ పాడుకున్న ప్రతివాడూ ఉద్యోగుల ఇళ్ళు వెతుక్కుంటూ తిరుగుతాడు. టీచర్లు తెలివి మీరిపోయారు, గేటు దగ్గరే "మా ఆవిడ ఒప్పుకోదండీ" అనేస్తారు. రెవెన్యూ వాళ్ళు అడిగేది ఎక్కువ. మిగిలింది సువర్ణ.

హెల్త్ సూపర్‌వైజరు. సర్వీసంతా ఉంగుటూరు చుట్టుపక్కలే. తాడేపల్లిగూడెంలో అద్దె పోర్షన్. భర్త నెల్సన్ మిషను స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. మిగతా ఆరు రోజులూ ఇంట్లో ఉపదేశాలు వాయిస్తాడు.

"సువర్ణమ్మగారు ఎవర్నీ కాదనరండీ," అని ఊళ్ళో పేరు. దీన్ని మంచితనం అనేవారు అందరూ. నెల్సన్ ఒకడుగు ముందుకేసి ఒకరి భారములొకరు భరించడం అనేవాడు. ఇలాంటి పెద్ద మాటలు ఇంట్లో ఎక్కువైతే చిన్న నిజాలు కనపడకుండా పోతాయి. చిన్న నిజం ఏమిటంటే, తనని అడగడానికి మనుషులు రావడం సువర్ణకి ఇష్టం. వాళ్ళు బండి దిగి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ చివర కూర్చుని, "మీరు తప్ప ఎవరున్నారండీ మాకు" అంటుంటే చెవులకి హాయిగా ఉండేది. పెన్ను తనే వెతికి ఇచ్చేది.

నాగేశ్వరరావు కూడా అలాగే వచ్చాడు. ఆయనది పాత రైతు కుటుంబం. సువర్ణ తండ్రి దానియేలు ఆ కుటుంబం వరిచేలల్లో కోతలకి వెళ్ళేవాడు, పని లేని నెలల్లో కొల్లేటికోట వైపు పోయి కూలికి వలలు లాగేవాడు. నాగేశ్వరరావు తండ్రి దగ్గర కూలి పుచ్చుకునేటప్పుడు దానియేలు అరుగెక్కేవాడు కాదు. ఎక్కొద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ అరుగు తాలూకు వారసుడు, తండ్రి వరి వదిలేసి కొల్లేట్లో చేపల చెరువు లీజుకి తీసుకున్న నాగేశ్వరరావు, ఒక సాయంత్రం సువర్ణ ఇంట్లో నవారు మంచం మీద కూర్చుని, "చెల్లెమ్మా, ఐదు లక్షల చిట్టీ పాడానమ్మా" అన్నాడు.

సువర్ణ స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. ఆయన దాన్ని కాసేపు చేతిలో పట్టుకున్నాడు. తర్వాత రెండు గుక్కల్లో తాగేశాడు.

అంతే. కాగితాలు ఏమిటో చదవకుండానే సువర్ణ ఆయన వేలు చూపించిన ప్రతిచోటా సంతకం పెట్టింది. జీతం చీటీ జిరాక్సు, ఆధార్ జిరాక్సు జతచేసి ఇచ్చింది. ఆయన వెళ్ళాక నెల్సన్, "చూశావా, కాలం ఎంత మారిందో" అన్నాడు. కాలం మారిందో లేదో గానీ కాఫీ ఖరీదు మాత్రం బాగా పెరిగింది.

మొన్న ఏప్రిల్లో పీహెచ్‌సీకి సువర్ణ పేర రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. అందరి ముందు సంతకం పెట్టి తీసుకుంది, సంతకాలు అలవాటే గదా. లోపల చిట్‌ఫండ్ కంపెనీ నోటీసు. నాగేశ్వరరావు అనే చందాదారుడు పదహారు నెలలుగా వాయిదాలు కట్టడం లేదు. పాతబాకీ, వడ్డీ, రాబోయే వాయిదాలు కలిపి రెండు లక్షల ఎనభై నాలుగు వేలు. హామీదారు అయిన మీరు పదిహేను రోజుల్లో చెల్లించని యెడల చట్టప్రకారం మీ జీతం నుంచి రాబట్టుకుంటాం. అంతవరకు ఏ నోటీసైనా అలాగే ఉంటుంది. కింద ఇంకో వాక్యం ఉంది: మీ పేర మా వద్ద ఉన్న చిట్టీ మొత్తాన్ని ఇందుమూలంగా నిలుపుదల చేయడమైనది.

అక్కడ సువర్ణ కూర్చుండిపోయింది. కూర్చోవడం అంటే మాటవరసకి కాదు, మోకాళ్ళు పట్టేశాయి.

ఆ కంపెనీలోనే సువర్ణకి తన సొంత చిట్టీ ఉంది. మూడు లక్షలది. మధ్యలో పాడుకుంటే తగ్గించి తీసుకోవాలని ఆఖరి వాయిదా దాకా ఆగింది. ఆ ఆఖరి వాయిదా ఆ నెల ఇరవై ఐదున. ఆ డబ్బు దేనికో పీహెచ్‌సీలో తుడిచే మనిషితో సహా అందరికీ తెలుసు. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని చేలగట్ల మీద సర్వీసంతా నడిచిన మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని, చంటిపిల్లలా దిగుతుంది. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు మోకాళ్ళకీ కలిపి రెండు లక్షల డెబ్బై ఐదు వేలన్నారు. ఉద్యోగుల హెల్త్ కార్డు చూపిస్తే రిసెప్షన్లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, కార్డు బాగుంది మేడమ్, బిల్లులే రావడం లేదు అని మర్యాదగా తిరిగి ఇచ్చింది. జూన్ ఆఖరున రిటైర్మెంటు. జులైలో మోకాళ్ళు. ఇదీ ప్లాను.

మర్నాడు సెలవు పెట్టి ఏలూరు వెళ్ళింది. కంపెనీ ఆఫీసు పవర్‌పేటలో, మేడ మీద. లిఫ్టు పనిచేయదు. ఎక్కేసరికి ఉన్న కోపం సగం ఆయాసంలో పోయింది. రికవరీ సెక్షన్లో ఉన్న కుర్రాడి పేరు ఫణికిరణ్. తెల్ల చొక్కా, మెళ్ళో ఐడీ కార్డు, నిద్ర చాలని కళ్ళు.

"కూర్చోండి మేడమ్. మంచినీళ్ళు తీసుకోండి."

"నీళ్ళు తర్వాత. షూరిటీలు ముగ్గురు కదండీ. నోటీసు నాకొక్కదానికే వచ్చిందేం?"

ఫణికిరణ్ కంప్యూటర్లో చూశాడు. "ఒకాయన రిటైరైపోయారండి. పెన్షన్ మీద మాకు అధికారం లేదు. ఇంకొకాయన దేవుడి దగ్గరకి వెళ్ళిపోయారండి."

"అక్కడికి నోటీసు వెళ్ళదా?"

"అడ్రసు ప్రూఫ్ కావాలి మేడమ్," అన్నాడు ఫణికిరణ్, నవ్వకుండా. ఈ ఉద్యోగంలో రోజూ తిట్లు తినే మనిషి, అలాంటివాడికి ఒక జోకు దొరికితే జాగ్రత్తగా వాడుకుంటాడు. తర్వాత కొంచెం ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "మీరు జూన్లో రిటైరవుతున్నారు కదండీ. మేనేజరుగారి తొందర అదండి. మీ చిట్టీ ఒక్కటే మా చేతిలో ఉంది. మీమీద మాకేం కోపం లేదు."

"మీకు కోపం లేదు, నాకు మోకాళ్ళు లేవు. దారేవిటో చెప్పండి."

దారి ఉంది. రాబోయే వాయిదాల సంగతి పక్కనబెట్టి, ఇంతవరకు ఉన్న పాతబాకీ, వడ్డీతో లక్షా ఎనభై నాలుగు వేలు, ఇరవై ఐదో తారీకులోపు జమైతే నాగేశ్వరరావు ఖాతా మళ్ళీ దారిలో పడుతుంది. సువర్ణ చిట్టీ వదిలేస్తారు. జమ కాకపోతే ఆమె డబ్బు మొత్తం అటే పోతుంది.

"నోటీసుకి మీ జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి మేడమ్. ఫైల్లో ఉండాలి."

జవాబు రాయడం నెల్సన్ తన బాధ్యతగా భావించాడు. రెండు పేజీలు రాశాడు. 'ప్రభువునందు ప్రియులైన మేనేజరుగారికి' అని మొదలుపెట్టి, నా భార్య పరోపకార బుద్ధితో చేసిన కార్యమును మీరు శిక్షింపదగునా అని ప్రశ్నించి, బైబిల్లో యోబు పడ్డ కష్టాలు ప్రస్తావించి, మీ కుటుంబముల క్షేమము కొరకు ప్రార్థిస్తూ అని ముగించాడు. భోజనాల దగ్గర గట్టిగా చదివి వినిపించాడు కూడా.

"రాగం కడితే పాడుకోవచ్చు," అంది సువర్ణ. "నోటీసుకి జవాబులా మాత్రం లేదు."

"మనిషి మనసు కరగాలంటే..."

"కంపెనీకి మనసెక్కడిదండీ, మేడ మీద ఆఫీసుంది. దానికి లిఫ్టు కూడా లేదు."

ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని తన జవాబు రాసింది: 'అయ్యా, మీ నోటీసు అందింది. బాకీ నాది కాదు. సంతకం నాది. తీసుకున్నాయన చేత ఇరవై ఐదులోపు కట్టించడానికి చూస్తాను.' కింద మళ్ళీ అదే సంతకం. దాన్ని పోస్టులో వేసి, నాగేశ్వరరావుకి ఫోను చేసింది. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఈసారి మోగలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఆటో కట్టించుకుని ఆయన ఊరు వెళ్ళింది. ఇంట్లో కాంతం ఒక్కతే ఉంది. సువర్ణని చూడగానే మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, నోటీసు చదవకుండానే సంగతి గ్రహించింది.

"ఇంటికొచ్చి ఏం లాభమండీ? మా ఆయన ఇంటికి తెచ్చేది బురద చెప్పులు తప్ప ఇంకేం లేదు. నా గాజులు కూడా బేంకులోనే ఉన్నాయి."

"ఎక్కడ దొరుకుతారండీ మరి?"

"లక్ష్మివారం పట్టుబడి. చెరువు మీదే ఉంటారు. డబ్బు కనపడేది ఆ ఒక్క రోజేనండీ, అది కూడా గట్టు మీదే. గట్టు దిగేసరికి ఏమీ ఉండదు."

"మీరే చెప్తున్నారే?"

"చెప్పకేం చేస్తాను. ఆయన చేతిలో నాలుగు రూపాయలు మిగిలితే పక్క చెరువు కూడా లీజుకి తీసుకుంటానంటున్నారు. మీరు పట్టుకుపోతే ఆ పీడ వదులుతుంది." కాంతం ఖాళీ గ్లాసు అందుకుని, "ఎండగా ఉంటుంది, గొడుగు పట్టుకెళ్ళండి. కూర్చోడానికి ఏవీ ఉండదక్కడ," అంది.

కొల్లేటి చెరువుల్లో పట్టుబడి రోజుకి ఒక ఆనవాయితీ ఉంది. ఏడాది పొడుగునా చేపలకి తవుడు అరువు, ఇంజను డీజిలు అరువు, లీజు డబ్బు బాకీ. వీటికి పెద్ద కాగితాలేమీ ఉండవు. చేప వలలో పడ్డ రోజున అరువిచ్చినవాళ్ళంతా వచ్చి గట్టు మీద నిలబడతారు. చేపల్ని కాటా వేసి, ఐసు కొట్టి, ట్రేలలో సర్ది లారీకెక్కిస్తారు. కొన్న వ్యాపారి తాలూకు గుమాస్తా అక్కడికక్కడే లెక్క కట్టి, చెరువు రైతు చెప్పినట్టు ఒక్కొక్కరికీ డబ్బిస్తాడు. గట్టు మీద నిలబడ్డ వాడెవడూ ఉత్తచేతులతో పోడు, ఎవడికీ పూర్తిగానూ ముట్టదు. అందరూ సరేనన్నాకే లారీ కదులుతుంది. ఆ రోజు రానివాడి బాకీ వచ్చే పంటకి వాయిదా పడ్డట్టే. ఇందులో నీతి ఏమీ లేదు. నిలబడే ఓపిక ఉండాలి, అంతే.

సువర్ణకి లేనిది సరిగ్గా ఆ ఓపికే. అందుకని ఇంట్లోంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని గురువారం తెల్లారి బయల్దేరింది. ఆకివీడు మీదుగా ఆలపాడు దాకా బస్సు. కుర్చీకి టికెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు కాసేపు ఆలోచించాడు. అక్కణ్ణుంచి కొల్లేటికోట వైపు ఆటో. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో ఎర్రమట్టి గట్టు, ఆ చివర లారీ.

గట్టు మొత్తానికి నీడ అనేది ఒకే ఒక్క సర్కారు తుమ్మ కింద ఉంది. ఆ తుమ్మ గట్టు మలుపులో, రోడ్డెక్కే చోట ఉంది. సువర్ణ కుర్చీ అక్కడ వేసుకుంది. కావాలనే అక్కడ వేశారా అని తర్వాత చాలామంది అడిగారు. ఎండ అండీ అని చెప్పిందామె.

అప్పటికే గట్టు మీద అప్పులవాళ్ళు గుంపుగా ఉన్నారు. వాళ్ళల్లో పెద్ద తవుడు కొట్టు అబ్బులు. తలకి తువ్వాలు, చేతిలో రెండు ఫోన్లు. ఆయన సువర్ణని చూసి దగ్గరకొచ్చాడు.

"ఏవండీ మేడమ్‌గారు, ఇక్కడేవన్నా కేంపు ఉందాండీ?"

"లేదండీ. నాగేశ్వరరావుగారి పట్టుబడి కదా, నేనూ వచ్చాను."

"మీకేవన్నా ఇవ్వాలాండీ ఆయన?"

"ఇవ్వాలి."

"దేని తాలూకండీ?"

"సంతకం తాలూకు."

అబ్బులు వెనక్కి తిరిగి డీజిలు బంకు మనిషితో అన్నాడు, "విన్నారా, ఈ చెరువులో సంతకాలు కూడా అరువు పోశారంట." గుంపంతా నవ్వింది. సువర్ణ కూడా నవ్వింది. దాంతో వాళ్ళ నవ్వు కాస్త తగ్గింది.

"ఏవనుకోకండి మేడమ్‌గారు," అన్నాడు అబ్బులు, ఈసారి మెత్తగా. "గట్టు మీద ఓ వరసుందండి. ముందు వలలోళ్ళు. తర్వాత తవుడు. ఆ తర్వాత డీజిలు, లీజు. సంతకం ఎక్కడా లేదండి."

"చేపపిల్ల ఎవరు అరువిస్తారండీ?"

"పిల్ల అరువు పుట్టదండి. రొక్కం పెట్టి తెచ్చుకోవాలి."

"ఆ రొక్కం చిట్టీదండీ. చిట్టీ ఇప్పించింది నా సంతకం. పిల్ల లేకపోతే మీ తవుడు ఎవరు తింటారు?"

అబ్బులు వ్యాపారస్తుడు గదా, జవాబు వెంటనే దొరికింది. "ఆ పిల్ల ఎప్పుడో పెరిగి కలకత్తా వెళ్ళిపోయిందండి. ఇది మూడో పంట."

"అయితే రెండు పంటలు మీకే వదిలేశానన్నమాట."

డీజిలు మనిషి గట్టిగా నవ్వాడు. "అబ్బులుగారూ, మేడమ్‌గారి వరస మీకంటే ముందొచ్చేలా ఉందండి."

ఇంతలో నాగేశ్వరరావు వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. ఆయన మోకాళ్ళు శుభ్రంగా వంగుతున్నాయని సువర్ణ గమనించింది. కుర్చీలో ఆమెని చూడగానే ఆయన మొహం వాడిపోయింది.

"సువర్ణమ్మగారూ, మీరింత దూరం రావడవేంటమ్మా. కబురు పెడితే నేనే ఇంటికొద్దును కదా."

"ఇంటికొస్తే కాఫీ ఇవ్వాలండీ."

ఆయనకి అర్థమైంది. కానట్టు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నలుగురిలో నామోషీగా ఉందమ్మా."

"నోటీసు నాకు ఆఫీసుకొచ్చిందండీ. అక్కడా నలుగురున్నారు."

"అన్నలాంటోణ్ణి, నా మాట నమ్మండి. వచ్చే పంటకి..."

"మా అమ్మ పోయింది కాబట్టి సరిపోయింది. ఉంటే అడిగేదాన్ని, నాకు తెలీకుండా ఇంకో కొడుకెప్పుడు పుట్టాడని." ఆమె నోటీసు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "లక్షా ఎనభై నాలుగు వేలండీ. ఇరవై ఐదులోపు."

నాగేశ్వరరావు చేతులు జోడించాడు. వాళ్ళ వంశంలో ఎవరూ దానియేలు వాళ్ళ వైపు జోడించని చేతులవి. పాత సువర్ణ అయితే ఆ ఒక్క దృశ్యానికే లేచి, పోనీలెండి అని వెళ్ళిపోయేది. ఇప్పుడు లేవడం కుదరదు, మోకాళ్ళు ఒప్పుకోవు. చేతులు జోడించినవాళ్ళకి ఏమీ ఇవ్వక్కరలేదనే చిన్న సంగతి అరవై దాటాక ఆమెకి ఆ ఎండలో తెలిసింది. అది కాస్త ముందే తెలిసి ఉంటే బాగుండేది.

లారీ నిండింది. శీలావతి, బొచ్చె చేపలు, పైన పగలగొట్టిన ఐసు, దానిమీద టార్పాలిన్. వరస ప్రకారం గుమాస్తా వలలోళ్ళకి ఇచ్చేశాడు. అబ్బులు లెక్క మొదలైంది. డ్రైవరు బండి స్టార్టు చేసి మలుపు దాకా వచ్చి హారన్ కొట్టాడు.

"అమ్మా, కుర్చీ."

"లేస్తానండీ. మోకాళ్ళు పట్టేశాయి. కాస్త టైం పడుతుంది."

"ఎంత టైమండీ?" అని గుమాస్తా అరిచాడు.

"రెండూ కొత్తవి వేయించుకున్నాక టక్కున లేస్తాను."

గట్టు సన్నం. ఇటు నీళ్ళు, అటు నీళ్ళు. కుర్చీని తప్పించి లారీ పోవాలంటే చెరువులోంచి పోవాలి.

"పోనీ కుర్చీతో సహా లేపి పక్కన పెడదామండీ," అన్నాడు లీజు తాలూకు మనిషి.

"పెట్టండి," అంది సువర్ణ. "మోకాలి చిప్ప జారిందంటే ఆ ఆపరేషను ఖర్చు కూడా ఈ చెరువు మీదే రాయించండి. డ్యూటీ చీర కట్టుకుని వచ్చాను, చూసుకోండి మరి."

ఎవరూ ముట్టుకోలేదు. గవర్నమెంటు మనిషి, ఆడమనిషి, పెద్దావిడ. మూడింట్లో ఏది ఎక్కువ పనిచేసిందో చెప్పలేం. లారీ వెనక తలుపు సందుల్లోంచి ఐసు నీళ్ళు కారడం మొదలైంది. ముందు బొట్లుగా, తర్వాత ధారగా. గుమాస్తా ఫోను మోగింది. మాట్లాడి పెట్టేసి, అందరికీ వినపడేలా అన్నాడు:

"ఇంకో అరగంట ఆగితే కిలోకి ఐదు రూపాయలు కోసేస్తామంటున్నారండీ మావాళ్ళు."

అప్పటిదాకా ఆ గట్టు మీద ఎవరికీ కనపడని న్యాయం అప్పుడు అందరికీ ఒక్కసారే కనపడింది. అబ్బులు వేళ్ళమీద ఏదో లెక్క కట్టాడు. లారీలో ఉన్న టన్నుల్ని ఐదుతో హెచ్చవేస్తే ఎంతవుతుందో ఆయన మొహం చూస్తే తెలిసిపోతోంది.

"నాగేశ్వరరావుగారూ, ఏదోటి తేల్చండి. మేడమ్‌గారిది కూడా బాకీయే కదండీ."

"నీ వాటాలోంచి ఇస్తావా అయితే?" అన్నాడు నాగేశ్వరరావు, కసిగా, మర్యాద మర్చిపోయి.

"ముప్పై వేలు ఆగుతాను. వచ్చే పంటకి. డీజిలాయన కూడా ఆగుతాడు."

"నేనెక్కడ అన్నానండీ?" అన్నాడు డీజిలాయన.

"అంటారు. ఐసు చూడండి."

గట్టు మీద బేరం కాసేపు నడిచింది. లక్ష దగ్గర మొదలై లక్షా ఇరవై వేల దగ్గర ఆగింది. అంతకు మించి పిండితే నాగేశ్వరరావుకి పిల్ల వేయడానికి కూడా మిగలదని అబ్బులు తేల్చేశాడు. పిల్ల వేయకపోతే తవుడు ఎవరు తింటారని ఈసారి ఆయనే అన్నాడు. సువర్ణ డబ్బు చేత్తో ముట్టుకోలేదు. గుమాస్తా ఫోన్లోంచే కంపెనీ ఖాతాలోకి వేయించింది. అక్కడికక్కడే ఫణికిరణ్‌కి ఫోను చేసింది.

"పడిందాండీ?"

"పడింది మేడమ్. ఎక్కడున్నారండీ, హారన్లు వినపడుతున్నాయి?"

"గట్టు మీద."

అప్పుడు చెయ్యి చాపింది. అబ్బులే పట్టుకుని లేపాడు. లారీ కదిలింది. నాగేశ్వరరావు చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆటో దాకా కుర్చీ మోసింది అబ్బులు. "మీరు ఇంకెవరికైనా సంతకాలు పెట్టారాండీ మేడమ్‌గారు?" అని దారిలో అడిగాడు. ఆమె చెప్పిన పేర్లు విని, అందులో ఒకడు తనకీ బాకీ ఉన్నాడని, వాడి పట్టుబడి కబురు చెప్తానని అన్నాడు.

ఇంకా అరవై నాలుగు వేలు తక్కువ. ఇరవై ఐదో తారీకున సువర్ణ మళ్ళీ పవర్‌పేట మెట్లెక్కింది. ఫణికిరణ్ మేనేజరు గదిలోకి వెళ్ళి చాలాసేపు ఉండి వచ్చాడు. రూలు రూలేనండీ అన్నాడు. ఆ తక్కువైంది ఆమె చిట్టీలోంచి మినహాయించుకుంటారు. కమిషన్ పోగా రావాల్సిన రెండు లక్షల ఎనభై ఐదు వేలల్లో రెండు లక్షల ఇరవై ఒక్క వేలకి చెక్కు ఇచ్చారు. "మొత్తం పోవలసింది మేడమ్," అన్నాడతను, ఓదార్పుగా. "చాలామందికి మొత్తం పోతుంది." ఇచ్చిన చోట సంతకం పెట్టింది. ఈసారి చదివి పెట్టింది. చదవడానికి పావుగంట తీసుకుంది, వెనక క్యూ సణిగినా.

ఆ ఆదివారం చర్చిలో నెల్సన్ లేచి సాక్ష్యం చెప్పాడు. ఎర్ర సముద్రంలో దారి తీసిన దేవుడు కొల్లేట్లో కూడా దారి తీశాడన్నాడు. జనం ఆమెన్ అన్నారు. ఇంటికొచ్చాక సువర్ణ అంది, "ఆయన తీసింది ఏమో గానీ, అక్కడ దారి మూసింది నేనండీ." నెల్సన్ దీనికి వాక్యం ఏదైనా దొరుకుతుందేమోనని బైబిలు పేజీలు తిప్పాడు.

జూన్ ముప్పైన పీహెచ్‌సీలో శాలువా కప్పి, దండ వేసి, సువర్ణగారి సేవాభావం అంటూ నలుగురు మాట్లాడారు. అందులో ఇద్దరికి ఆమె షూరిటీ ఉంది. మర్నాటి నుంచి ఇంటికి ఎవరూ రాలేదు. రిటైరైన మనిషి సంతకం ఏ కంపెనీకీ పనికిరాదు. మొదటి వారం సాయంత్రాలు బండి చప్పుడైతే చాలు గుమ్మంలోకి చూసేది. నవారు మంచం మీద నెల్సన్ కీబోర్డు పెట్టుకున్నాడు. రెండో వారం నుంచి చూడటం మానేసింది. బాధపడిందా అంటే పడింది. ఆ బాధ గురించి ఎవరైనా జాలిగా మాట్లాడితే మాత్రం కాఫీ ఇవ్వకుండా పంపించేస్తుంది.

జులైలో ఆపరేషన్ అయింది. రెండు మోకాళ్ళకి డబ్బు చాలలేదు కాబట్టి ఒక్కటే చేయించుకుంది. ఏ మోకాలు ముందు అని డాక్టరు అడిగితే, బస్సెక్కేది కుడికాలితో కాబట్టి కుడిది అంది. ఇప్పుడు కుడికాలు కొత్త మనిషిలా, ఎడమకాలు పాత మనిషిలా నడుస్తోంది. చూడటానికి వచ్చిన కాంతం మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలిచిపెట్టింది. పక్క చెరువు లీజు తీసుకోలేదని చెప్పింది. గాజులు ఇంకా బేంకులోనే ఉన్నాయని కూడా చెప్పింది.

"ఎడమదెప్పుడండీ?" అని అడిగింది వెళ్ళేముందు.

"మీ ఆయన దగ్గరుంది," అంది సువర్ణ.

ఆ తర్వాత నాగేశ్వరరావు చిట్టీ వాయిదాలు రెండు కట్టాడు, ఒకటి ఆపాడు, మళ్ళీ కట్టాడు. అబ్బులు ఫోను చేస్తూనే ఉన్నాడు, ఆ చెరువు తర్వాతి పట్టుబడి సంక్రాంతి దాటాక ఉండొచ్చంటున్నాడు. సువర్ణకి నాగేశ్వరరావు ఇవ్వాల్సింది అరవై నాలుగు వేలు. ఇందులో ఇంతవరకు రూపాయి రాలేదు.